తెలియడం ఒక పనేనా?

ఆంగ్ల వ్యాకరణం నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక తరగతిలో ఎదురయ్యే నియమం ఒకటుంది: తెలియడం, నమ్మడం, ప్రేమించడం, ఉండడం వంటి అర్థాలు గల క్రియలను కంటిన్యువస్ రూపంలో, అంటే పని ఇప్పుడు సాగుతూ ఉన్నదని చెప్పే 'ఇంగ్' రూపంలో, వాడరాదు. 'ఐ నో' అనడం ఒప్పు, 'ఐ యామ్ నోయింగ్' అనడం తప్పు. ఇటువంటి క్రియలకు స్థితివాచకాలని పేరు. అవి కర్త చేసే పనిని కాక కర్త ఉన్న స్థితిని చెబుతాయి కాబట్టి సాగుతూ ఉండడమన్నది వాటికి పొసగదని పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో వివరించి, వెంటనే ఒక జాబితాలోకి వెళ్లిపోతాయి. జాబితా కంఠస్థమవుతుంది, పరీక్ష గడిచిపోతుంది, కాని ఆ రెండు వాక్యాలు తేలిగ్గా దాటివేసిన విషయం సామాన్యమైనది కాదు. తెలియడమనేది మనిషి చేసే పనా, మనిషికి కలిగే గుణమా, లేక మనిషి స్వరూపమేనా అన్నది తత్త్వశాస్త్రంలోని అతి పాత వివాదాల్లో ఒకటి; భారతీయ దర్శనాల్లోనైతే మోక్షం ఎలా లభిస్తుందన్న ప్రశ్నకు చెప్పే సమాధానం చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉంది.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఈ వ్యాకరణ నియమాన్ని నేరుగా విచారణకు పెట్టినవాడు జెనో వెండ్లర్. 1957లో ప్రచురించిన 'వెర్బ్స్ అండ్ టైమ్స్' అనే వ్యాసంలో ఆయన క్రియలను నాలుగు తరగతులుగా విభజించాడు: పరుగెత్తడం వంటి వ్యాపారాలు, వృత్తం గీయడం వలె ఒక ముగింపు వైపు నడిచే పనులు, శిఖరాన్ని చేరడం వలె ఒక్క క్షణంలో జరిగిపోయేవి, తెలియడం, ప్రేమించడం వంటి స్థితులు. ఏం చేస్తున్నావని అడిగితే పరుగెత్తుతున్నానని జవాబు చెప్పవచ్చు, వృత్తం గీస్తున్నానని చెప్పవచ్చు, కాని ఆ ప్రశ్నకు 'తెలిసి ఉన్నాను' అన్నది జవాబే కాదు. ఎంతకాలంగా తెలుసునని అడగవచ్చు గాని, తెలియడం ఎంతసేపట్లో పూర్తయిందని అడగడానికి వీలులేదు.

వెండ్లర్ కంటే ఇరవై మూడు శతాబ్దాల ముందే అరిస్టాటిల్ తన 'మెటాఫిజిక్స్' తొమ్మిదవ భాగంలో దాదాపు ఇటువంటి పరీక్షనే పెట్టాడు. ఇల్లు కడుతున్నవాడు ఇంకా ఇల్లు కట్టినవాడు కాడు. నేర్చుకుంటున్నవాడు ఇంకా నేర్చుకున్నవాడు కాడు. కాని చూస్తున్నవాడు ఆ క్షణానికే చూసినవాడు, ఆలోచిస్తున్నవాడు ఆ క్షణానికే ఆలోచించినవాడు. మొదటి రకాన్ని ఆయన 'కినేసిస్' అన్నాడు, అంటే తన ముగింపు తనకు వెలుపల ఉన్న చలనం. రెండవదాన్ని 'ఎనెర్గేయా' అన్నాడు, అంటే ప్రతి క్షణంలోనూ తనలో తాను నిండుగా ఉన్న వ్యాపారం. వీటితో పాటు మూడవది ఒకటి చెప్పాడు: నిద్రపోతున్న పండితుడి దగ్గర కూడా అతడి పాండిత్యం ఉంటుంది, అది వాడుకలో లేని కలిమి. ఆంగ్ల పాఠ్యపుస్తకాలు చూడడాన్నీ తెలియడాన్నీ ఒకే జాబితాలో వేసి రెండింటినీ స్థితులంటాయి. అరిస్టాటిల్ దృష్టిలో ఇవి ఒకటి కావు. పండితుడు నిద్రలోనూ పండితుడే, కాని నిద్రలో అతడు చూస్తున్నవాడు కాడు. ఈ విషయంలో పాఠ్యపుస్తకం కంటే అరిస్టాటిల్ విభజన సూక్ష్మమైనదని ఒప్పుకోక తప్పదు.

తెలుగువారి ఆంగ్లంలో ఈ నియమం తరచుగా తప్పుతుందన్నది అందరూ ఎరిగిన సంగతే. 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ నోయింగ్ హిమ్' వంటి వాక్యాలను అజ్ఞానానికి గుర్తుగా తీసుకుని నవ్వడం అలవాటైపోయింది. నిజానికి వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణముంది, అవి అన్నీ ఒక తీరువి కావు. తెలుగులో 'అర్థం కావడం లేదు' అన్నది సాగుతున్న పనిని కాదనే రూపమే కాబట్టి, దాన్ని ఆంగ్లంలో పెట్టినవాడు తన భాష చెప్పినట్టే చెప్పాడు. 'ఇద్దరు అన్నలు ఉన్నారు' అనే వాక్యంలోని 'ఉన్నారు', 'వస్తున్నారు' అనే మాట చివర వినిపించే 'ఉన్నారు' ఒకటే. ఉండడాన్ని చెప్పే ధాతువే తెలుగులో సాగుతున్న పనిని చెప్పడానికి కూడా తోడు వస్తుంది కాబట్టి, కలిగి ఉండడానికి 'ఇంగ్' తగిలించడం తెలుగు చెవికి వింతగా తోచదు. కాని మూడవ వాక్యం సంగతి వేరు. తెలుగు వ్యక్తి ఎవరూ తన భాషలో 'నేను అతన్ని తెలుస్తున్నాను' అనడు. ఆ తప్పు తెలుగు నుంచి వచ్చింది కాదు. మిగిలిన క్రియలకు చెల్లిన సూత్రాన్ని చెల్లని చోటికి లాగడం వల్ల వచ్చింది.

'తెలుసు' అనే ఆ చిన్న మాటను దగ్గరగా చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది. నాకు తెలుసు, నీకు తెలుసు, వారికి తెలుసు: కర్త మారినా క్రియ మారదు. 'నాకు ఇప్పుడు తెలుసు', 'నాకు అప్పుడే తెలుసు': కాలం మారినా మారదు. పురుష, వచన, కాలాలు మూడింటికీ లొంగని క్రియ తెలుగులో అరుదు. పైగా ఈ వాక్యంలో తెలిసిన మనిషి 'నేను' అనే ప్రథమా విభక్తిలో రాడు, 'నాకు' అనే రూపంలో వస్తాడు. అంటే అతడు పని చేసేవాడుగా కాక, ఏదో ఒకటి వచ్చి చేరిన చోటుగా కనిపిస్తాడు. ఆకలి, నిద్ర, జ్వరం, కోపం వచ్చేదీ ఇదే విభక్తితోనే. ఇదే ధాతువుకు సాగుతున్న రూపం కావాలంటే 'తెలుస్తోంది' అనాలి, కాని అప్పుడు అర్థం మారిపోతుంది: తెలియని స్థితి నుంచి తెలిసిన స్థితికి విషయం మెల్లగా వస్తోందని దాని భావం. మనిషి పూనికతో చేసే పనిగా చెప్పాలంటే 'కొను' చేర్చి 'తెలుసుకుంటున్నాను' అనాలి. అప్పుడే 'నేను' అనే కర్త మళ్లీ వాక్యంలోకి వస్తాడు. వెతకడం, అడగడం, చదవడం అన్నీ ఆ 'తెలుసుకోవడం'లో ఉన్నాయి. అవి ముగిసిన చోట 'తెలుసు' మొదలవుతుంది. ఏ తాత్త్వికుడి సహాయమూ లేకుండానే తెలుగు వాడుక, జ్ఞానానికి చేసే ప్రయత్నాన్నీ జ్ఞానాన్నీ ఇంత స్పష్టంగా విడదీసి ఉంచింది.

ఈ విభజన వేదాంత చర్చలో ఎంత బరువు మోస్తుందో చూడాలంటే, అసలు వివాదాన్ని మూడు మాటల్లో చెప్పుకోవాలి. ఏడవ శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు, తెలియడం ఆత్మ చేసే క్రియ అన్నాడు. వండడం వల్ల బియ్యంలో మెత్తదనం పుట్టినట్టు, తెలియడం వల్ల వస్తువులో 'జ్ఞాతత', అంటే తెలియబడి ఉండడమనే ధర్మం, పుడుతుంది. క్రియ కంటికి కనిపించదు గాని, ఆ ఫలాన్ని చూసి క్రియను ఊహిస్తాము. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు: వారి లెక్కలో జ్ఞానం ఆత్మలో పుట్టి వెంటనే నశించే గుణం, పూవులో ఎరుపు వంటిది, అది కదలిక కాదు. సంస్కృతంలో 'జానాతి' అన్నది ధాతువు మీద ప్రత్యయం చేరిన క్రియాపదమే కదా, క్రియాపదం చెప్పేది క్రియ కాకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్న ఈ వాదంలో పొంచి ఉంది. పదం రూపాన్ని బట్టి వస్తువు స్వభావాన్ని నిర్ణయించవచ్చునా అన్నదే అసలు చిక్కు.

శంకరులు బ్రహ్మసూత్రాల్లో నాలుగవ సూత్రానికి రాసిన భాష్యంలో ఈ చిక్కును సూటిగా విప్పారు. జ్ఞానం కూడా మనస్సు చేసే పనే కదా అన్న ఆక్షేపాన్ని తామే ఎత్తి, కాదని సమాధానం చెప్పారు. పని అన్నది పురుషతంత్రం, అంటే మనిషి ఇష్టానికి లోబడినది. దాన్ని చేయవచ్చు, మానవచ్చు, వేరొక విధంగా చేయవచ్చు. జ్ఞానం వస్తుతంత్రం, అంటే ఎదుట ఉన్న వస్తువుకు లోబడినది; ఎదుట నిప్పు ఉన్నప్పుడు అది నిప్పని తెలియడంలో మనిషి ఎంచుకోవలసింది ఏమీ లేదు. దీనికి ఆయన ఛాందోగ్యోపనిషత్తులోని పంచాగ్ని విద్యను ఉదాహరణగా తీసుకున్నారు. అక్కడ పురుషుణ్ణి అగ్నిగా భావించమని విధి ఉంది. అది ధ్యానం, మనస్సుతో చేసే పని, అలా భావించవచ్చు, భావించకపోనూవచ్చు. కాని అందరికీ తెలిసిన అగ్ని విషయంలో అది అగ్ని అనే ఎరుక ఏ విధివల్లా పుట్టేది కాదు. రెండూ మనస్సులోనే జరుగుతున్నా, ఒకటి పని, మరొకటి పని కాదు.

ఇది మాటల గారడీ అనుకునేవారు దీని పర్యవసానాన్ని చూడాలి. క్రియకు కలిగే ఫలాన్ని శంకరులు నాలుగు విధాలుగా చూపించారు: లేనిది పుట్టడం, ఉన్నది మారడం, దూరంగా ఉన్నది అందడం, మలినమైనది శుద్ధి కావడం. కుండ, పెరుగు, ఊరు, తోమిన అద్దం వంటివి వీటికి పోలికలు. మోక్షం ఈ నాలుగింటిలో ఏదీ కాలేదు. ఎందుకంటే పుట్టినదానికి చావు తప్పదు, అందినదానికి చేజారడం తప్పదు. జ్ఞానం గనుక పని అయితే దానివల్ల వచ్చే మోక్షం కూడా ఒక నాటికి అరిగిపోతుంది. 'ఐ యామ్ నోయింగ్' అనే వాక్యాన్ని తప్పుగా దిద్దే ఉపాధ్యాయుడికి ఈ సంగతి గుర్తుకు రాకపోవచ్చు, కాని ఆ ఎర్ర సిరా గీత కింద ఉన్నది ఇదే భేదం.

అయితే ఈ భేదాన్ని అందరూ శంకరుల వలె అంగీకరించలేదన్నదే ఈ కథలో ఎక్కువ ఆలోచించదగిన భాగం. రామానుజులు శ్రీభాష్యం మొదటి సూత్ర వ్యాఖ్యలో ఉపనిషత్తుల మాటల వాడుకనే సాక్ష్యానికి పిలిచారు. ఛాందోగ్యంలో మనస్సును బ్రహ్మంగా ఉపాసించమని మొదలైన భాగం, ఇలా తెలిసినవాడికి ఫలం చెబుతూ ముగుస్తుంది. అదే ఉపనిషత్తులోని రైక్వుడనే జ్ఞాని కథలో అతడికి తెలిసినదాన్ని గురించి మొదలైన మాట, అతడు ఉపాసించే దేవతను చెప్పమనే ప్రార్థనలో తేలుతుంది. ఒక చోట 'తెలియడం', మరొక చోట 'ఉపాసించడం', రెండూ ఒకే విషయానికి వాడారు కాబట్టి, మోక్షసాధనంగా శ్రుతి చెప్పిన వేదనం వాక్యం వినగానే కలిగి ఊరుకునే ఎరుక కాదని రామానుజుల నిర్ణయం. అది ధ్రువానుస్మృతి, అంటే చెదరని స్మరణ. ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి పోసే నూనె ధార వలె తెగకుండా సాగేది. నీటి ధారలో బొట్టుకూ బొట్టుకూ నడుమ చీలిక కనిపిస్తుంది, నూనెలో కనిపించదు. ఆ స్మరణకే ప్రీతి చేరినప్పుడు అది భక్తి అయింది.

దీన్ని వ్యాకరణ పరిభాషలో చెప్పుకుంటే, ఉపనిషత్తులో ఉన్న 'వేద' అనే ఒక్క క్రియను శంకరులు స్థితిగా చదివారు, రామానుజులు సాగుతూ ఉండేదిగా చదివారు. సంస్కృతంలో ఈ రెండింటికీ వేర్వేరు రూపాలు లేవు; 'గచ్ఛతి' అంటే వెళ్తాడనీ వెళ్తున్నాడనీ అర్థం చెప్పుకోవచ్చు. భాష తలుపు తెరిచి ఉంచింది కాబట్టే ఇద్దరు ఆచార్యులూ అందులోంచి రెండు దారుల్లో నడిచారు. అదే వాక్యాన్ని ఆంగ్లంలోకి దించేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతడు 'నోస్' అని రాయగానే, తెలియకుండానే శంకరుల పక్షం తీసుకున్నట్టవుతుంది. రామానుజుల అర్థం రావాలంటే అతడు వ్యాకరణాన్ని విరిచి 'ఈజ్ నోయింగ్' అనాలి, లేదా ఆ క్రియనే వదిలి ధ్యానించడమనే మరొక క్రియను తెచ్చుకోవాలి. తెలుగువాడు 'తెలిసినవాడు' అని రాసినా ఇదే చిక్కు. అనువాదకుడు వ్యాఖ్యాతగా మారే చోట్లలో ఇది ఒకటి. దీన్ని గుర్తించకుండా చేసిన అనువాదాల వల్ల, ఉపనిషత్తులు ఒకే సిద్ధాంతాన్ని చెబుతున్నాయన్న భ్రమ పాఠకుడికి సులభంగా కలుగుతుంది.

తెలియడం కంటే ముందున్నది ఉండడం. యాస్కుడి నిరుక్తంలో వార్ష్యాయణి అనే ఆచార్యుడి మతంగా ఆరు భావవికారాలు చెప్పారు: పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, తరగడం, నశించడం. వీటిలో ఉండడం రెండవది. మిగిలిన ఐదూ కదలికలే; నడుమ ఉన్న ఈ ఒక్కటీ కదలిక ఎలా అవుతుంది? పతంజలి మహాభాష్యంలో వర్తమాన కాలాన్ని విధించే పాణిని సూత్రం దగ్గర ఈ ప్రశ్న మరొక రూపంలో వచ్చింది. కొండలు నిలిచి ఉన్నాయి, నదులు ప్రవహిస్తున్నాయి అంటాము. మొదలైన పనికీ ముగియబోయే పనికీ నడుమ ఉన్నదాన్ని వర్తమానం అనాలి గదా; కొండ నిలబడడం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది? భూత భవిష్యత్తులు లేనిచోట వర్తమానం మాత్రం ఎలా చెబుతారు? దీనికి భాష్యకారుడు ఇచ్చిన సమాధానం రాజులను గురించినది. గతించిన రాజులు, ఇప్పుడున్న రాజులు, రాబోయే రాజులు చేసే పనులే కొండ నిలబడడానికి కాలపు కొలత. కొండకు తన కాలం లేదు. తన నీడలో పుట్టి గిట్టేవారి కాలాన్ని అది అరువు తెచ్చుకుంటుంది.

ఈ సమాధానాన్ని చదివినప్పుడు ఆంగ్లంలోని ఒక సన్నని వాడుక గుర్తుకు రాక మానదు. కదిలే వస్తువు గురించి, ఉదాహరణకు వాకిట్లో నిలబడిన మనిషి గురించి, 'ఈజ్ స్టాండింగ్' అంటారు. ఊళ్లో ఉన్న గుడి గురించి 'స్టాండ్స్' అని మాత్రమే అంటారు. గుడికి 'ఇంగ్' తగిలిస్తే అది రేపు ఉండకపోవచ్చునన్న ధ్వని వస్తుంది. తెలుగులో కూడా 'హైదరాబాదులో ఉంటున్నాడు' అంటే ప్రస్తుతానికి అక్కడ కాపురమని అర్థం. చార్మినారు హైదరాబాదులో 'ఉంది' గాని 'ఉంటోంది' కాదు. అస్థిరమైనదానికే సాగుతున్న రూపం కావాలి. అయితే ఐదవ శతాబ్దపు భర్తృహరి వాక్యపదీయంలో దీనికి ఎదురు తిరిగిన మాట ఒకటి చెప్పాడు: ఉన్నదని మనం చెప్పే ప్రతి వస్తువూ తనను తానే మోసుకుంటూ ఉంది. మోసేదీ మోయబడేదీ ఒకటే కావడం వల్ల ఆ శ్రమ బయటికి కనిపించదు, ఆ క్రియకు కర్మ వేరుగా ఉండదు. ఈ దృష్టితో చూస్తే కొండ నిలబడడం కూడా విరామం లేని పనే. ఉండడాన్ని జడస్థితిగా చూసే అలవాటును ఇంత తక్కువ మాటల్లో కదిలించిన భావం మరొకటి దొరకడం కష్టం.

యూదు, క్రైస్తవ సంప్రదాయాల్లో ఈ ప్రశ్న దేవుడి పేరు మీదికే వచ్చింది. నిర్గమకాండం మూడవ అధ్యాయంలో, మండుతున్న పొద దగ్గర మోషే పేరు అడిగినప్పుడు వచ్చిన జవాబు హీబ్రూలో ఉండడమనే ధాతువు మీద అసమాప్త రూపం, అంటే పని ముగియలేదని చెప్పే రూపం. దాన్ని ఉన్నాననీ, ఉంటాననీ, ఉంటూ ఉన్నాననీ మూడు విధాలుగానూ తీసుకోవచ్చు. క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి మార్చినవారు దాన్ని 'ఉన్నవాడు' అన్న అర్థంలో స్థిరపరిచారు. 1611 నాటి ఆంగ్ల అనువాదం నిశ్చలమైన 'ఐ యామ్' అంది. లూథర్ జర్మనులో భవిష్యత్తు వైపు తిప్పాడు. తెలుగు బైబిలు గ్రీకు దారిలోనే 'ఉన్నవాడు' అనే మాటను తీసుకుంది. తెలుగులో 'ఉన్నాడు' అన్న రూపం నిన్నటికీ నేటికీ కూడా చెల్లుతుంది కాబట్టి, 'నిన్న ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడూ ఉన్నాడు' అని మారకుండా అనవచ్చు కాబట్టి, ఆ పేరులో కాలం చీలిపోకుండా నిలిచింది. ఇది అనువాదకుల నేర్పు వల్ల వచ్చిన దానికంటే భాష తనంతట తాను ఇచ్చిన వరమని చెప్పాలి.

నమ్మకం దగ్గర తెలుగు తీరు ఆంగ్లం తీరుకు పూర్తిగా ఎదురుగా ఉంటుంది. తెలుగు క్రైస్తవులు ఆరాధనలో చెప్పే విశ్వాస ప్రమాణంలో క్రియ 'నమ్ముచున్నాను'. ఆంగ్లంలో అది 'ఐ బిలీవ్'. అక్కడ 'ఇంగ్' పెడితే ప్రార్థన చెడిపోతుంది. లాటిను 'క్రెదో', గ్రీకు 'పిస్తెవో' మాటల్లో ఈ రెండు రూపాల భేదం లేదు. తెలుగులో మూడు దారులున్నాయి: 'దేవుడి మీద నమ్మకం ఉంది' అంటే స్థితి, 'దేవుణ్ణి నమ్ముతాను' అంటే వ్యాకర్త చిన్నయసూరి తద్ధర్మార్థకమన్న రూపానికి వారసత్వంగా వచ్చిన, స్వభావాన్ని చెప్పే వాక్యం, 'నమ్ముతున్నాను' అంటే ఇప్పుడు, ఇక్కడ, తన పూనికతో చేస్తున్నది. ప్రమాణానికి తెలుగువారు మూడవదాన్ని ఎన్నుకున్నారు, ఆ ఎన్నిక సరైనదే. మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయంలో జబ్బు పిల్లవాడి తండ్రి, తాను నమ్ముతున్నానని ఒక ఊపిరిలోనే చెప్పి, తనలోని అపనమ్మకం విషయంలో సాయం చేయమని వేడుకుంటాడు. నమ్మకం స్థితి మాత్రమే అయితే ఈ మాట పొసగదు. ఒకే గదిలో దీపం వెలిగి ఉందనీ లేదనీ చెప్పినట్టవుతుంది. నమ్మడం పని అయినప్పుడే, సగం దూరం వచ్చి కాళ్లు వణుకుతున్నవాడి మాటగా అది నిజమవుతుంది.

దీనికి ఎదురుగా తత్త్వవేత్త విట్గెన్‌స్టైన్ వేసిన ప్రశ్నలనూ పక్కన పెట్టడానికి వీల్లేదు. ఒక మాట అర్థం నిన్నటి నుంచి తెలుసునంటాము, కాని నిన్నటి నుంచి ఎడతెగకుండా తెలుస్తూనే ఉందా అని ఆయన అడిగాడు. నొప్పి ఎడతెగకుండా ఉండవచ్చు, దిగులు రోజంతా ఉండవచ్చు. వాటి నడుమ నిద్ర వస్తే తెగిపోతాయి. ఎరుక అలా తెగేది కాదు, అందుచేత సాగేదీ కాదు. చదరంగం ఆడడం ఎప్పుడు వచ్చు, ఎత్తు వేసే క్షణంలోనా, ఎల్లప్పుడూనా? ఈ పరీక్ష నమ్మకానికి కూడా వర్తిస్తుంది: భక్తుడు నిద్రపోయినప్పుడు అతడి భక్తి ఏమవుతుంది? రామానుజుల నూనె ధార నిద్రలో ఎక్కడికి పోతుంది?

ప్రేమ విషయంలో వాడుక మరింత చిక్కుగా ఉంది. ఆంగ్లంలో 'ఐ లవ్' అన్నదే ఒప్పు. 2003లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ 'లవింగ్' అని ప్రచార వాక్యం పెట్టినప్పుడు, ఆ క్షణంలో నాలుక మీద సాగుతున్న రుచిని చెప్పడమే దాని ఉద్దేశం. తెలుగులో 'ప్రేమిస్తున్నాను' అన్నదే సహజం. కాని ఆ క్రియ సంస్కృత నామానికి 'ఇంచు' చేర్చి తయారు చేసుకున్నది, ఎక్కువగా యువతీయువకుల నడుమ వాడేది. తల్లి తన బిడ్డను గురించి ఆ మాట అనదు. 'వాడంటే నాకు ప్రాణం' అంటుంది. ఆ వాక్యంలో క్రియాపదమే లేదు. అనురాగం పనిగా మొదలయ్యే చోట తెలుగు సాగుతున్న క్రియను వాడింది, అది ఊపిరితో కలిసిపోయిన చోట క్రియనే విడిచిపెట్టింది.

నిద్రలో భక్తి ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి బాల్యాన్ని వర్ణించే పద్యం దగ్గర ఆగాలి. తెలుగు పిల్లలు తరతరాలుగా నోటికి నేర్చుకుంటున్న పద్యమది. నీళ్లు తాగడం, తినడం, మాట్లాడడం, నవ్వడం, నిద్ర పోవడం, తిరగడం, చూడడం వంటి రోజువారీ పనులన్నీ అందులో శత్రర్థకంలో, అంటే నేటి 'తూ'కు సమానమైన 'చున్' రూపంలో, ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. నిద్ర కూడా వాటి నడుమ ఒక పనిగానే చేరింది. ఇన్ని 'చున్'ల తరువాత హరి చింతన వచ్చే చోట మరొక 'చున్' వస్తుందని చెవి ఎదురుచూస్తుంది, కాని పోతన అక్కడ క్రియను పెట్టలేదు. నారాయణుడి పాదాల చింతన అనే అమృతాన్ని ఆస్వాదించడంలో కలిసిపోయినవాడని పిల్లవాడికి ఒక పొడవాటి సమాసాన్ని విశేషణంగా కట్టి, చివర 'ఐ' అని మాత్రమే అన్నాడు. తాగడం, తినడం, నిద్ర పోవడం అతడు చేస్తున్న పనులు; ఆ చింతన అతడు అయి ఉన్నది. అట్లని రామానుజుల ధారను కూడా పోతన వదల్లేదు. ఆ సమాసం తలమీద, ఎడతెగని అనే అర్థమిచ్చే 'సంతత' అనే మాటను నిలిపాడు. సాగడాన్ని క్రియకు ఇవ్వకుండా విశేషణానికి ఇచ్చి, స్థితిని 'ఐ' అనే ఒక్క అక్షరంలో ఉంచి, పద్యం మొత్తానికీ సమాపక క్రియను మాత్రం పిల్లవాడు ఈ లోకాన్ని మరిచిపోవడానికి కేటాయించాడు.